ఇచ్చే బిడ్డ తరఫున ఎవరు?

2004లో వచ్చిన ఒక అమెరికన్ నవలలో పదమూడేళ్ల అమ్మాయి అక్కకు కిడ్నీ ఇవ్వనని కోర్టుకెక్కుతుంది. ఆ కథ కల్పితం. కానీ అమెరికా కోర్టులకు ఇలాంటి తగువు అప్పటికే పాతది.

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం ఒకడి కిడ్నీ తీసి అతని కవల సోదరుడికి అమర్చింది. ఇద్దరూ పెద్దవాళ్లే, ఒప్పుకోవడం వాళ్ల ఇష్టం. ఆ తర్వాత మైనర్ కవలలూ ఆసుపత్రికొచ్చారు. ఇచ్చేవాడి ఒంటికి ఒరిగేదేమీ లేనప్పుడు అమ్మానాన్నల సంతకం చాలుతుందా? తోడబుట్టినవాడు పోతే వీడు కుంగిపోతాడు కాబట్టి ఇవ్వడం వీడికీ మేలేనని 1957లో మసాచుసెట్స్ కోర్టు తేల్చింది.

1969లో కెంటకీ కోర్టు ఇదే వాదనతో, ఆరేళ్ల పిల్లాడి బుద్ధి ఉన్న 27 ఏళ్ల యువకుడి కిడ్నీ అన్నకు ఇవ్వొచ్చంది. నలుగురు జడ్జీలు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. నా మనసు ఆ ముగ్గురి వైపే. అన్న లేకపోతే తట్టుకోలేడన్నది నిజమే కావచ్చు, కానీ ఆ మాట అన్నది అతను కాదు.

1990లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు అడ్డు చెప్పింది. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న కొడుకు కోసం, వేరే తల్లికి పుట్టిన తన మూడున్నరేళ్ల కవలలకు బోన్ మ్యారో (ఎముక మజ్జ) కలుస్తుందేమో చూసే టెస్టు చేయించాలని తండ్రి అడిగాడు. వాళ్ల తల్లి ఒప్పుకోలేదు. ఆ పిల్లలు అన్నను చూసింది రెండే సార్లు. అనుబంధమే లేనప్పుడు వాళ్లకు మేలెక్కడిదంది కోర్టు.

అదే ఏడాది కాలిఫోర్నియాలో ఒక జంట, లుకేమియా ఉన్న కూతురి కోసం మరో బిడ్డను కన్నారు. అందుకోసం తండ్రి, పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్ (వేసెక్టమీ)ను తిరగదోడించుకున్నాడు. తోడబుట్టినవాళ్ల మ్యారో కలిసే అవకాశం నాలుగింట ఒకటే. అదృష్టవశాత్తు కలిసింది, ఇద్దరూ బతికారు. 2000 నాటికి అదృష్టంతో పనే లేకపోయింది. మరో జంట ల్యాబ్‌లో పిండాన్ని పరీక్షించి ఎంచుకున్నారు, పుట్టిన తమ్ముడి బొడ్డుతాడు రక్తం అక్కకు ఎక్కించారు. ఆ రక్తం తీస్తే బిడ్డకు నొప్పి ఉండదు. అది చాలకపోతే మ్యారో, ఆ తర్వాత ఇంకేదో అడగరన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం, దాని సవరణల ప్రకారం బతికున్న మైనర్ల నుంచి కిడ్నీ లాంటి అవయవాలు మామూలుగా తీసుకోకూడదు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లలకు తోడబుట్టినవాళ్ల మ్యారో ఇవ్వడం మాత్రం జరుగుతూనే ఉంది, సంతకం అమ్మానాన్నలదే. ఒక బిడ్డ ప్రాణం కోసం టెన్షన్ పడుతున్న వాళ్లు రెండో బిడ్డ భయాన్ని నింపాదిగా వినగలరా? ఇచ్చే బిడ్డ తరఫున మాట్లాడటానికి చికిత్స బృందంతో సంబంధం లేని మనిషి ఉండాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2010లోనే చెప్పింది. ఇక్కడా అది తప్పనిసరి చేయాలి.