సూపర్ కెపాసిటర్లు, సీఓఎఫ్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సూపర్ కెపాసిటర్ వచ్చేసింది, ఇక బ్యాటరీ, జనరేటర్ అక్కర్లేదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు నన్ను పదేపదే అడిగేది ఇదే. సూపర్ కెపాసిటర్ అంటే కరెంటును సెకన్లలో నింపుకుని సెకన్లలో ఇచ్చేసే పరికరం. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట పోతుంది. ఆ భయాన్నే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. మొన్న ఉండి ఊరి నుంచి ఒక రైతు సూపర్ కెపాసిటర్ కరపత్రం పట్టుకొచ్చారు. ఐదు నిమిషాలు ఛార్జింగ్ పెడితే రాత్రంతా ఏరేటర్ తిరుగుతుందట. "అడ్వాన్సు కట్టమంటున్నారు మాస్టారూ, కట్టేయమంటారా?" వద్దండీ అని, ఒక సూపర్ కెపాసిటర్ సెల్ ఆయన చేతికిచ్చి లెక్క వేశాను.

బజారులో దొరికే పెద్ద సెల్ 3000 ఫారడ్లు (ఛార్జ్ పట్టే సామర్థ్యానికి కొలత), 2.7 వోల్టులు, బరువు అర కిలో. అందులో పట్టేది 3 వాట్ అవర్లు. రెండు హెచ్‌పీ ఏరేటర్ గంట తిరగాలంటే ఒకటిన్నర యూనిట్లు, అనగా 1500 వాట్ అవర్లు కావాలి. అంటే 500 సెల్స్, పావు టన్ను, అదీ ఒక్క గంటకే! అదే పని లిథియం బ్యాటరీ పది పదిహేను కిలోల్లో చేస్తుంది. సూపర్ కెపాసిటర్ సత్తా వేరే చోట ఉంది. మోటారు స్టార్టింగులో లాగే కరెంటును సెకన్లలో ఇచ్చేస్తుంది, లక్షలసార్లు ఛార్జ్ చేసినా నిలబడుతుంది. బ్యాటరీకి తోడుగా పెడితే బంగారం.

అపోహ: కొత్త సీఓఎఫ్ పౌడర్లు ఈ లెక్కను మార్చేశాయి.

సీఓఎఫ్ అంటే కోవలెంట్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, కార్బన్ అణువుల్ని జాలీలా అల్లిన సన్న రంధ్రాల పదార్థం. వీటిపై పరిశోధన నేను రోజూ చేసే పని, అందుకే గట్టిగా చెబుతున్నాను: ఇంకా మార్చలేదు. రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాఘీ బృందం 2005లో మొదటి సీఓఎఫ్‌లు చేసింది. 2013లో మరో రసాయన శాస్త్రవేత్త విలియం డిక్టెల్ బృందం, ఎలక్ట్రాన్లు తీసుకుని ఇచ్చే ఆంత్రాక్వినోన్ అనే అణువు ఉన్న సీఓఎఫ్‌ను ఎలక్ట్రోడ్‌గా వాడి చూపింది. రంధ్రాల సైజు మనమే నిర్ణయించుకోవచ్చు, ఇలా ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే భాగాల్ని (రెడాక్స్ గ్రూపుల్ని) రంధ్రాల గోడల్లోనే అమర్చుకోవచ్చు. ఆశ అక్కడే ఉంది. కానీ చాలా సీఓఎఫ్‌లలో కరెంటు సరిగా పారదు, కార్బన్ బ్లాకో గ్రాఫీనో కలపాల్సిందే. పేపర్లో గ్రాముకు 400 ఫారడ్లు అని ఉంటే అది ఒక్క ఎలక్ట్రోడ్‌లోని పౌడరుకే. అలాంటివి రెండు కలిపి సెల్ చేస్తే కెపాసిటీ సగమై, బరువు రెట్టింపై, గ్రాముకు 100కి దిగుతుంది. రేకులు, ఎలక్ట్రోలైట్, డబ్బా బరువు కలిస్తే ఇంకా కిందికే. ల్యాబులో పల్చగా పూసిన ఎలక్ట్రోడ్ చూపే గొప్ప, మందంగా పూస్తే ఉండదు. ఎలక్ట్రోలైట్‌లో ఛార్జ్ మోసే అయాన్లు అడుగుదాకా చేరలేవు.

మరి రంధ్రాలు పెంచి సర్ఫేస్ ఏరియా ఎంత పెంచితే ఛార్జ్ అంత పెరుగుతుందా? అలా ఏమీ లేదు. అయాను దూరని రంధ్రం ఉన్నా లేనట్టే.

కోనసీమ కొబ్బరి చిప్పలు సూపర్ కెపాసిటర్లకు పనికొస్తాయన్న మాట నిజమే, సెల్స్‌లో వాడే కార్బన్‌కు అవి మంచి ముడిసరుకు. అయితే కాల్చిన బొగ్గు చాలదు, యాక్టివేట్ చేసి మలినాలు తీసేయాలి. ఇక మోటారుకు బిగించే మామూలు కెపాసిటర్ మైక్రోఫారడ్ల (ఫారడ్‌లో పది లక్షల వంతు) సరుకు, సూపర్ కెపాసిటర్‌తో దానికి సంబంధం లేదు.

ఎవరైనా అమ్మజూపితే ఫారడ్లు అడక్కండి. ఎన్ని వాట్ అవర్లో, ఎంత బరువో కాగితం మీద రాసిమ్మనండి. ఈ పంటకు మాత్రం జనరేటర్ సర్వీసింగ్ చేయించుకోండి.