కీ బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

‘బొమ్మ అలాగే ఉండనివ్వండి, లోపలి చెత్త తీసేసి చిన్న మోటారు పెట్టండి.’ కీ ఇస్తే కదిలే పాత బొమ్మలు బాగుచేసే పనిలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఇది. వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అపోహ: విలువంతా పైనున్న బొమ్మదే.

వాస్తవం: 1928లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌కు ఒక కుటుంబం మంటల్లో దెబ్బతిన్న ఇత్తడి యంత్రాన్ని అప్పగించింది. దాన్ని చేసింది మేల్జెల్ అనే జర్మన్ యంత్రకారుడని వారి నమ్మకం. బాగుచేసి కీ ఇస్తే ఆ బొమ్మ నాలుగు చిత్రాలు గీసింది, మూడు పద్యాలు రాసింది. చివరి పద్యం అంచున ‘మయార్దె యంత్రబొమ్మ రాసినది’ అని ఫ్రెంచిలో సంతకం చేసింది! 1800 ప్రాంతంలో లండన్‌లో దాన్ని చేసిన స్విస్ పనివాడు ఆన్రీ మయార్దె. తన కర్త ఎవరో బొమ్మే చెప్పింది. చెప్పగలిగింది ఎందుకంటే, ఆ రాతంతా పేర్చిన ఇత్తడి క్యాముల (తిరుగుతూ బొమ్మ చేతిని నడిపే బిళ్లల) అంచుల్లో ఎత్తుపల్లాలుగా దాగి ఉంది. వాటిని ఎవరైనా తూకానికి అమ్మేసి ఉంటే, మిగిలేది కలం పట్టుకున్న మొద్దు బొమ్మ. నా దగ్గరకు వచ్చేవాటిలో సగం ఇప్పటికే అలాంటివే.

అపోహ: ఇవన్నీ మోసాలే, లోపల మనిషి ఉండేవాడు.

వాస్తవం: 1770 నాటి కెంపెలెన్ యంత్రం, చదరంగం ఆడే ‘తురుష్కుడి’లో మనిషి ఉండేవాడు, నిజమే. ఫ్రెంచి యంత్రకారుడు వొకాన్సన్ చేసిన బాతుబొమ్మ తిన్నది అరిగించుకోవడమూ బూటకమే. కానీ అదే వొకాన్సన్ చేసిన వేణుగాన బొమ్మ నిజంగా గాలి ఊది వాయించేది. స్విస్ గడియారాల పనివాడు జాకే-ద్రో చేసిన ‘రాతగాడు’ బొమ్మ ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లోని నొషాటెల్ మ్యూజియంలో ఈక కలాన్ని సిరాలో ముంచి రాస్తాడు.

అపోహ: కీ ఎక్కువ తిప్పితే పాడవుతుంది.

వాస్తవం: కాదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక కీ తిరగదు, అంతే. యంత్రాన్ని ఆపేది ఎండి బంకైన నూనె, దుమ్ము. దయచేసి కొబ్బరినూనె పోయకండి.

ఒక పెద్దాయన పంజరంలో పాడే పిట్టను తెచ్చారు. చిన్నప్పుడు తానే కీ ఎక్కువ తిప్పి దాని గొంతు నొక్కేశానని అరవై ఏళ్లుగా బాధపడుతున్నారు. విప్పి చూస్తే గాలితిత్తి తోలు చిరిగింది, స్ప్రింగు నిక్షేపంగా ఉంది. కొత్త తోలు అతికించి, కీ ఆయన చేతికే ఇచ్చాను. మూడు చుట్లు తిప్పి ఆపేశారు. మిగతావి నేనే తిప్పాల్సి వచ్చింది.