మద్రాసు వీలునామాల నుంచి బీరూట్ ఫీజుల దాకా: ఆర్మేనియన్ బడుల వెనక ఉన్న సొమ్ము

సైప్రస్ రాజధాని నికోసియాలోని మెల్కోనియన్ విద్యాసంస్థను మూసేస్తున్నామని 2004 మార్చిలో ప్రకటన వెలువడగానే, దేశదేశాల్లోని ఆర్మేనియన్లు భగ్గుమన్నారు. పూర్వ విద్యార్థులు రోడ్డెక్కారు. ఇస్తాంబుల్ ఆర్మేనియన్ చర్చి పెద్ద (పేట్రియార్క్) ఏకంగా లాస్ ఏంజెలెస్ కోర్టులో కేసు వేశారు. సైప్రస్ ప్రభుత్వం పాత భవనాలను వారసత్వ కట్టడాలుగా ప్రకటించింది. ఏదీ ఫలించలేదు. 2005 జూన్‌లో బడికి తాళం పడింది.

ఒక బోర్డింగ్ స్కూలు మూతపడితే ఇంత గొడవ ఎందుకన్నది, అది ఎలా పుట్టిందో తెలిస్తే గానీ అర్థం కాదు. ఈజిప్టులో పొగాకు వ్యాపారం చేసిన గ్రిగోర్, గరబెద్ మెల్కోనియన్ సోదరుల ఆస్తితో కట్టిన బడి అది. తమ్ముడు గరబెద్ 1921లో ఉన్నదంతా ఆర్మేనియన్ జనరల్ బెనెవొలెంట్ యూనియన్ (ఏజీబీయూ) అనే దాతృత్వ సంఘం చేతిలో పెట్టాడు. 1926లో బడి తెరిచినప్పుడు చేరినవాళ్లంతా ఒట్టోమన్ (నేటి టర్కీ) సామ్రాజ్యంలో 1915లో ఆర్మేనియన్ల మీద జరిగిన మారణకాండలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు. చనిపోయిన తమవాళ్ల పేరున ఆ పిల్లలే నాటిన మొక్కలు బడి ముందు తోపుగా ఎదిగాయి. మూసేసేనాటికి నికోసియాలో ఆ భూమి మంచి ధర పలికే చోట ఉంది. ఈ బడి ఇప్పటి చదువుల అవసరాలు తీర్చలేకపోతోందని యూనియన్ చెప్పింది. కన్నంతా స్థలం మీదేనని పూర్వ విద్యార్థులు అన్నారు. ఇచ్చినవాడు కాలం చేశాక ఆ సొమ్ము ఎవరి మాట వినాలన్న తగువు ఆర్మేనియన్లకు రెండు వందల ఏళ్లుగా ఉన్నదే. దాని తొలి అధ్యాయాల్లో ఒకటి మన పక్కనే, మద్రాసులో మొదలైంది.

1375లో తమ చివరి రాజ్యమైన కిలికియా కూలాక 1918 దాకా ఆర్మేనియన్లకు సొంత రాజ్యమంటూ లేదు. కాబట్టి బడి పెట్టే సర్కారూ లేదు. ఉన్నవి రెండే: చర్చి, వర్తకుడు. పర్షియా షా అబ్బాస్ 1604-05లో అరస్ నది ఒడ్డున ఉన్న జుల్ఫా ఊరిని ఖాళీ చేయించి, అక్కడి ఆర్మేనియన్లను ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. ఆ న్యూ జుల్ఫా వర్తకులే పట్టు, వజ్రాల వ్యాపారం మీద మనవైపు వచ్చారు. గోల్కొండకూ మచిలీపట్నానికీ వాళ్ల రాకపోకలు ఉండేవి. హైదరాబాద్ ఉప్పుగూడలో ఆ కాలపు ఆర్మేనియన్ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత మద్రాసు వాళ్లకు పెద్ద నెలవైంది. పెట్రస్ ఉస్కాన్ అనే వర్తకుడు 1726లో అడయార్ నది మీద సొంత డబ్బుతో వంతెన కట్టించి, దాని మరమ్మతులకు కూడా విడిగా నిధి పెట్టాడు. కట్టి వదిలేయకుండా, తాను పోయాక కూడా నడిచేలా మూలధనం వేయడం ఈ వర్తకుల పద్ధతి. బడుల విషయంలోనూ అదే చేశారు.

డబ్బుతో పాటు చదువు మీద మక్కువ కూడా మద్రాసులో గట్టిగానే ఉండేది. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడింది అక్కడే. సంపాదకుడు హరుత్యున్ ష్మవోన్యన్ చర్చి పూజారి. ఆ కాలపు వర్తకులు శామ్యూల్ మురాద్యన్, ఎడ్వర్డ్ రాఫేల్ తమ వీలునామాల్లో ఆర్మేనియన్ పిల్లల చదువుకు పెద్ద మొత్తాలు రాశారు. శామ్యూల్ 1816లో పోయాడు. ఆ సొమ్ముతో బడి మొదలవడానికి మరో 18 ఏళ్లు పట్టింది, అదీ మద్రాసులో కాదు. వెనిస్ పక్కన సాన్ లాజరో ద్వీపంలో 1717 నుంచి ఉంటున్న మెఖితారిస్టులు అనే ఆర్మేనియన్ సన్యాసుల ద్వారా 1834లో పాడువాలో ఒకటి, 1836లో వెనిస్‌లో ఒకటి తెరిచారు. పాడువా బడి 1846లో పారిస్‌కు మారింది. కోరమాండల్ తీరంలో గడించిన డబ్బుతో, ఇస్తాంబుల్, అనటోలియాల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇటలీలో చదువుకున్నారన్నమాట. 1915లో హత్యకు గురైన కవి దనియెల్ వరుజాన్ ఆ వెనిస్ బడి విద్యార్థే.

తగువులూ అప్పుడే మొదలయ్యాయి. మెఖితారిస్టులు కాథలిక్కులు. ఆర్మేనియన్లలో ఎక్కువమంది తమ సొంత జాతీయ చర్చి అయిన అపొస్తలిక్ చర్చివాళ్లు. పారిస్ బడి పెద్దగా ఉన్న గాబ్రియెల్ ఐవజోవ్‌స్కీ (చిత్రకారుడు ఇవాన్ ఐవజోవ్‌స్కీకి అన్న) 1850ల్లో సన్యాసుల సంఘంతో చెడి, కొందరు సహచరులతో బయటికొచ్చి అపొస్తలిక్ చర్చిలో చేరిపోయాడు. ఆ తర్వాత క్రిమియాలోని ఫియొదోసియాలో వేరే బడి పెట్టాడు.

కలకత్తాలో 1821లో మొదలైన ఆర్మేనియన్ కాలేజీ ఇలా సముద్రాలు దాటలేదు. ఇప్పటికీ మీర్జా గాలిబ్ వీధిలో, నవలాకారుడు థాకరే పుట్టిన ఆవరణలోనే నడుస్తోంది. ఒకప్పుడు రగ్బీ ఆటలో ఈ బడి పిల్లలకు పెద్ద పేరు. స్వాతంత్ర్యం తర్వాత ఊళ్లోని ఆర్మేనియన్లు ఆస్ట్రేలియాకూ ఇంగ్లండుకూ వెళ్లిపోయారు. ఆస్తులు మిగిలాయి, పిల్లలు మిగల్లేదు. అందుకే ఆర్మేనియా, ఇరాన్, ఇరాక్‌ల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి, తిండి, బస, చదువు అన్నీ ఉచితంగా ఇచ్చారు. ఎక్కడో ఉన్న పిల్లవాణ్ని కలకత్తా దాకా రప్పించి చదివించడం దాత కోరికను నిలబెట్టడమా, బడి పేరును నిలబెట్టుకోవడమా? నాకైతే రెండోదే ఎక్కువనిపిస్తుంది. అయినా ఆ పిల్లలకు దొరికింది తక్కువేమీ కాదు.

దానపు సొమ్ము ఒక కుప్పగా కనబడితే దాని మీద పాలకుల కన్ను పడుతుంది. రష్యా జారు ప్రభుత్వం 1885లో ఆర్మేనియన్ చర్చి బడులను మూయించింది. 1903లో చర్చి ఆస్తులనే స్వాధీనం చేసుకోబోతే కాకసస్ అంతా అల్లర్లు రేగాయి. 1905లో వెనక్కి తగ్గక తప్పలేదు. టర్కీలో కథ ఇంకా మెల్లగా నడిచింది. మైనారిటీ ధర్మసంస్థలన్నీ తమ ఆస్తుల జాబితా ఇవ్వాలని 1936లో అడిగారు. 1974లో కోర్టు ఆ జాబితానే హద్దుగా తీసుకుంది. జాబితా తర్వాత ఎవరైనా రాసిచ్చిన ఇళ్లూ స్థలాలూ బడుల చేతిలోంచి జారిపోయాయి. తిరిగిచ్చేందుకు, లేదా పరిహారం కట్టేందుకు దారి తెరిచిన ఉత్తర్వు వచ్చింది 2011లో.

ఈలోగా ఒక్కొక్కరి వీలునామా మీద ఆధారపడకుండా, అందరూ తలా కొంత వేసుకునే సంఘం ఒకటి పుట్టింది. ఈజిప్టు తొలి ప్రధాని నుబార్ పాషా కొడుకు బోఘోస్ నుబార్ 1906లో కైరోలో ఏజీబీయూ స్థాపించాడు. మొదటి ఉద్దేశం ఒట్టోమన్ పల్లెల్లోని ఆర్మేనియన్ రైతులకు విత్తనాలు, పనిముట్లు, బడులు ఇవ్వడం. తొమ్మిదేళ్లకే ఆ పల్లెలు లేకుండా పోయాయి.

1915 తర్వాత దానం స్వరూపమే మారిపోయింది. అదే ఏడాది అమెరికాలో మొదలైన సహాయ సంఘం తర్వాత నియర్ ఈస్ట్ రిలీఫ్‌గా మారి, 11 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. లక్షా ముప్పై వేలకు పైగా అనాథలను సాకింది. అప్పట్లో అలెగ్జాండ్రోపోల్ అని పిలిచే నేటి గ్యూమ్రీలో పాత రష్యన్ సైనిక బారకాసుల్లో 20 వేలకు పైగా పిల్లలు ఉండేవారు. బాల నటుడు జాకీ కూగన్ అమెరికా అంతా తిరిగి అనాథల కోసం సరుకులు పోగుచేసి, 1924లో ఓడ మీద గ్రీసుకు వెళ్లాడు. ఆ రోజుల్లో అనాథాశ్రమమంటే బడి, వర్క్‌షాపు కలిసిన చోటు. లెబనాన్ కొండల్లోని గజీర్‌లో అనాథ ఆడపిల్లలు ఒక పెద్ద తివాచీ నేశారు. నాలుగు వందల మంది చేతులు, నెలల తరబడి పని, నలభై లక్షలకు పైగా ముడులు. దాన్ని 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్‌కు కానుకగా పంపారు. 2013లో వాషింగ్టన్‌లో దాన్ని ప్రదర్శనకు అడిగితే వైట్‌హౌస్ ఇవ్వలేదు. విమర్శలు వచ్చాక మరుసటి ఏడాది బయటపెట్టారు. కానుకలకు కూడా రాజకీయం అంటుకుంటుంది.

ఆ అనాథలు పెద్దయి స్థిరపడిన బీరూట్, అలెప్పో ఊళ్లే తర్వాత ఆర్మేనియన్ చదువులకు గుండెకాయలు అయ్యాయి. శరణార్థుల గుడిసెల పక్కన చర్చి, చర్చి పక్కన బడి లేచాయి. 1955లో బీరూట్‌లో హైగజియన్ కాలేజీ కూడా వచ్చింది. చమురు వ్యాపారి కలుస్త్ గుల్బెంకియన్ ఆస్తితో 1956లో లిస్బన్‌లో ఏర్పడిన ఫౌండేషన్ ఆర్మేనియన్ల కోసం ప్రత్యేక విభాగం పెట్టి స్కాలర్‌షిప్పులు, బడులకు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. 1975లో మొదలైన లెబనాన్ అంతర్యుద్ధం ఈ ఏర్పాటును కుదిపేసింది. కుటుంబాలు కాలిఫోర్నియాకు తరలాయి. అమెరికాలో తొలి ఆర్మేనియన్ డే స్కూలు 1964లోనే లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మొదలైంది. అక్కడ ప్రభుత్వ బడి ఫ్రీ, ఆర్మేనియన్ బడికి ఫీజు కట్టాలి. రెండో తరం తల్లిదండ్రులు లెక్కలు వేసుకోవడం సహజమే. ఈ ప్రవాసుల భాష అయిన పశ్చిమ ఆర్మేనియన్‌ను ప్రమాదంలో ఉన్న భాషగా యునెస్కో 2010లో పేర్కొన్నాక, చర్చ బడి భవనాల నుంచి టీచర్ల తయారీకి మళ్లింది. ఆ మార్పు ఇంకా ముందే రావాల్సింది. గోడల మీద దాత పేరు చెక్కించుకోవచ్చు, టీచరు జీతం మీద చెక్కించుకోలేరు కదా.

2019 చివర్లో లెబనాన్ కరెన్సీ కూలింది. ఇరవై ఏళ్లకు పైగా డాలరుకు 1,500 దగ్గర ఆగిన పౌండు 2023కల్లా 90 వేల దాకా పడిపోయింది. పౌండ్లలో కట్టిన ఫీజు విలువ కరిగిపోయింది, టీచరు జీతం పెట్రోలుకు కూడా చాలని స్థితి వచ్చింది. మధ్యలో 2020 ఆగస్టు 4న ఓడరేవులో పేలుడు. ఆర్మేనియన్లు ఎక్కువగా ఉండే బుర్జ్ హమ్మూద్ దాని పక్కనే. బడులు బతికాయంటే విదేశాల నుంచి డాలర్లలో వచ్చిన సాయం వల్లే.

ఆ డాలర్లకు మరో హక్కుదారు ఉంది, ఆర్మేనియా దేశమే. 1988 డిసెంబరు 7 భూకంపం పిల్లలు క్లాసుల్లో ఉన్న వేళ వచ్చింది. కనీసం 25 వేల మంది చనిపోయారు, బడులు కుప్పకూలాయి. 1991లో స్వాతంత్ర్యం వచ్చింది, మరుసటి ఏడాది హయస్తాన్ నిధి పుట్టింది. ప్రవాసుల విరాళాలు దాని ద్వారా సొంత గడ్డ మీది రోడ్లకూ బడులకూ మళ్లాయి. అమెరికన్ల థాంక్స్‌గివింగ్ రోజున లాస్ ఏంజెలెస్ నుంచి టీవీలో గంటల కొద్దీ విరాళాలు అడగడం దాని ఆనవాయితీ. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాడి తర్వాత నగొర్నో కరబఖ్ ప్రాంతం నుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే కట్టుబట్టలతో ఆర్మేనియాకు చేరారు. వాళ్ల పిల్లలకు పుస్తకాలు, అద్దె, కాలేజీ ఫీజులు కావాలి. బీరూట్ స్కూలు కమిటీలు కూడా ఏటా చేయి చాచేది ఆ ప్రవాసుల ముందే.