వెన్న పళ్లెం, రెండు కంచెలు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటాం. ఫ్రెంచివాళ్లు దాదాపు ఇదే సంగతిని 'వెన్న పళ్లెం' అనే మాటతో చెబుతారు. పదవులు, పలుకుబడి ఉన్నవాళ్ల ముందుండే పళ్లెం అది. 1901 ఏప్రిల్‌లో పారిస్‌లో మొదలైన ఒక వారపత్రిక ఆ మాటనే పేరుగా పెట్టుకుంది. 'లాసియెట్ ఓ బర్'. సంచికకు సాధారణంగా ఒకే విషయం, చాలాసార్లు ఒకే చిత్రకారుడు, పేజీ నిండా బొమ్మలు. రాత చాలా తక్కువ.

ఫ్రాన్స్ పాలకులకు రాతకన్నా బొమ్మంటేనే ఎప్పుడూ ఎక్కువ భయం. లూయీ ఫిలిప్ రాజు ప్రజల సొమ్ము మూటలు మూటలుగా మింగుతున్నట్టు గీసినందుకు దోమియే అనే వ్యంగ్య చిత్రకారుడు 1832లో జైలుకెళ్లాడు. 1835 చట్టమైతే వ్యాసాన్ని వదిలేసి, బొమ్మకు మాత్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. రాత అభిప్రాయమట, బొమ్మ నేరుగా చర్యేనట! చదువు రానివాడికి కూడా బొమ్మ అర్థమవుతుందన్నదే అసలు టెన్షన్.

1881 జూలై 29 నాటి పత్రికా స్వేచ్ఛ చట్టంతో ఆ సెన్సార్ పోయింది. ఆ స్వేచ్ఛే లేకపోతే 'లాసియెట్' పుట్టేదే కాదు. 1902 జనవరిలో కుప్కా అనే చిత్రకారుడు అందులో 'డబ్బు' మీద ఒక సంచిక మొత్తం గీశాడు. అందులో ధనస్వామ్యం అంటే బానకడుపు మనిషి, ఆ కడుపు నిండా బంగారు నాణేలు. తర్వాత నైరూప్య చిత్రకళకు దారి వేసినవాళ్లలో ఒకడైన కుప్కా ఇతనే. అదే ఏడాది వల్లోటన్ అనే మరో చిత్రకారుడు 'నేరాలు, శిక్షలు' సంచికలో, చట్టం పేరు చెప్పి కొట్టేవాళ్లనే బోనులో నిలబెట్టాడు.

కానీ 1881 చట్టంలోనే రెండు కంచెలు మిగిలాయి. విదేశీ అధినేతలను అవమానించకూడదు, సైన్యం పరువు తీయకూడదు.

మొదటి కంచెకు 1901 సెప్టెంబర్‌లో 'లాసియెట్' సంచిక ఒకటి గీసిన జాన్ వెబేర్ తగిలాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ (అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్ల) కుటుంబాలను బ్రిటిష్ సైన్యం నిర్బంధ శిబిరాల్లో పెట్టడం మీద ఆ సంచిక. ఒక బొమ్మలో బ్రిటన్‌కు ప్రతీకైన బ్రిటానియా దేవత లంగా ఎత్తి వెనకభాగం చూపిస్తుంది, అక్కడ కనిపించేది బ్రిటన్ రాజు ఎడ్వర్డ్ ముఖం. తర్వాతి ముద్రణల్లో దాన్ని లంగా గీసి కప్పేశారు. నిర్బంధ శిబిరాల బొమ్మలకు లేని ఇబ్బంది రాజు ముఖానికి వచ్చింది.

రెండో కంచె దగ్గర ఒక మనిషి ఆరోగ్యమే పోయింది. 1908లో మొరాకోలో ఫ్రెంచి సేనలను నడిపిన జనరల్ దమాద్‌ను, 'లే ఓమ్ దు జూర్' అనే మరో పత్రికలో అరిస్టీడ్ దెలన్నొవా నెత్తుటి ఏప్రాన్ కట్టుకున్న కసాయిగా గీశాడు. ఏడాది జైలు, మూడు వేల ఫ్రాంకుల జరిమానా. వ్యాసం రాసిన విక్టర్ మెరిక్‌కూ శిక్ష పడింది. దెలన్నొవా ఆరోగ్యం జైల్లో పాడైంది. గడువుకు ముందే వదిలిపెట్టినా కోలుకోలేదు. 1911లో చనిపోయాడు. ఒక్క బొమ్మకు అంత శిక్షా అని ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

ఆ మరుసటి ఏడాదే 'లాసియెట్' కూడా ఆగింది. 1881 చట్టం మాత్రం ఇంకా అమల్లోనే ఉంది. విదేశీ అధినేతల నిబంధనను 2004లో తీసేశారు. సైన్యం పరువు గురించి చెప్పే 30వ అధికరణం అలాగే ఉంది.