గొంతు మారితే బ్యాండ్ పోయినట్టేనా? మెటల్ అభిమానుల అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీది గదిలో చాలా ఏళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. సాయంత్రం వచ్చే పిల్లల్లో మెటల్, అంటే గిటార్ మోత గట్టిగా ఉండే రాక్ సంగీతం, కోసమే వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్ల నోట తరచూ వినే మాట: "ఇప్పుడున్నది అసలు బ్యాండ్ కాదు మాస్టారూ." ఆ మాట వెనకున్న అపోహల గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అపోహ: పాడేవాడు మారితే మిగిలేది పేరే.

వాస్తవం: ఇది మన సినిమా పాట నేర్పిన అలవాటు. ఘంటసాల పాట, బాలు పాట అంటాం. మనకు పాటంటే ముందు గొంతే. మెటల్‌లో పాటకు పునాది రిఫ్, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న స్వరాల వరస. అది ఎవరి చేతిలోంచి వస్తోందో ముందు చూడాలి.

బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌నే తీసుకోండి. 1979లో గాయకుడు ఓజీ ఓస్బోర్న్‌ని తీసేశారు. పాడడానికి రోనీ జేమ్స్ డియో వచ్చాడు. 1980లో 'హెవెన్ అండ్ హెల్' ఆల్బమ్ వచ్చింది. క్లాసులో దీన్ని ఇలా చూపిస్తాను. ఓజీ పాడిన 'ఐరన్ మ్యాన్' రిఫ్ నెమ్మదిగా వాయిస్తూ, పిల్లాణ్ణి పల్లవి కూనిరాగం తీయమంటాను. గిటార్ ఎటు పోతే గొంతూ అటే పోతుంది, నీడలాగా. తర్వాత 'హెవెన్ అండ్ హెల్'లో అదే పేరున్న పాట పెడతాను. చరణం మొదలవగానే గిటార్ తగ్గిపోతుంది, బేస్, అంటే కింది స్వరాలు పలికే గిటార్, నడిపిస్తుంది, ఆ ఖాళీలో డియో తన రాగం తాను కట్టుకుంటాడు. కొత్త గొంతుకు చోటు ఇవ్వడం కోసం పాట కట్టే తీరే మారింది. అలా మార్చిన చేయి మాత్రం పాతదే, గిటారిస్టు టోనీ అయోమీది. పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగల్ని నొక్కే చేయి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగల్ని వదులు చేశాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటల శ్రుతి మూడు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) మేర కిందికి దిగింది. బ్యాండ్ ఆల్బమ్‌లు అన్నింట్లోనూ ఉన్నది అతనొక్కడే.

ఇది చెప్పినంత మాత్రాన ఓజీని తక్కువ చేసినట్టు కాదు. 2025 జులై 5న తొలినాటి నలుగురూ బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో చివరిసారి కలిసి వాయించారు. అదే నెల 22న ఓజీ పోయాడు. ఆ వారమంతా మా గదిలో వేరే పాట మోగలేదు.

అపోహ: మొదటివాళ్లు ఒక్కరూ లేని బ్యాండ్ నకిలీ.

వాస్తవం: నేపామ్ డెత్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'స్కమ్' 1987లో వచ్చింది. రికార్డు ఒక వైపు నుంచి రెండో వైపుకే మనుషులు మారిపోయారు, రెండు వైపులా వాయించినది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే. ఇవాళ బ్యాండ్‌లో ఉన్నవాళ్లు ఎవరూ దానిలో లేరు. అయినా ఆ వేగం, ఆ కోపం అలాగే ఉన్నాయి. మనకిదేం కొత్త కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను కళ్లారా చూసిన పెద్దలు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. ఆయన తర్వాత కూడా కూచిపూడిలో భామ జడ ఎవరో ఒకరు వేసుకుంటూనే ఉన్నారు.

అపోహ: ఐరన్ మెయిడెన్‌లో బ్లేజ్ బేలీ రోజులు దండగ.

వాస్తవం: గాయకుడు బ్రూస్ డికిన్సన్ వెళ్లిపోయాక అతని చోట వచ్చినవాడు బ్లేజ్. అతని గొంతు బ్రూస్ కంటే కింది స్థాయిది. బ్రూస్ పై స్థాయిలో పాడిన పాటల్ని స్టేజీ మీద పాడాల్సి రావడంతో బ్లేజ్ ఇబ్బంది పడ్డాడు. కానీ తన కాలంలో వచ్చిన 'సైన్ ఆఫ్ ది క్రాస్', 'ద క్లాన్స్‌మన్' వినండి. 1999లో తిరిగొచ్చిన బ్రూస్ ఆ రెండూ 2001లో బ్రెజిల్‌లో జరిగిన రాక్ ఇన్ రియో సంగీతోత్సవంలో పాడాడు. బ్రూస్‌తో పాటు పాత గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ కూడా వచ్చాడు. అంతకుముందు ఏడ్రియన్ స్థానంలో చేరిన జానిక్ గెర్స్‌ని పంపేయలేదు, ముగ్గురు గిటారిస్టులతోనే సాగారు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ ముగ్గుర్నీ ఒకే వరసలో చూశాను. రాత్రి రైల్లో నిలబడి వెళ్లిన కాళ్ల నొప్పి అప్పుడు గుర్తే లేదు.

అపోహ: నిజమైన అభిమాని బ్యాండ్ ఏం చేసినా ఒప్పుకోవాలి.

వాస్తవం: ఒప్పుకోనక్కర్లేదు. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బస్సు బోల్తా పడి మెటాలికా బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని చోట జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988 ఆల్బమ్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బేస్ కోసం వెతుక్కోవాలి. ముందు ఆల్బమ్‌లోని 'ఓరియన్'లో క్లిఫ్ బేస్ ఎంత నిండుగా ఉంటుందో విన్నాక ఆ లోటు ఇంకా తెలుస్తుంది. నాకు మెటాలికా ప్రాణం. అయినా ఆ మిక్సింగ్, అంటే ఏ వాద్యం ఎంత వినిపించాలో సర్దిన తీరు, తప్పేనని ఎక్కడైనా చెప్తాను.

అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొత్త బేసిస్ట్‌ని వినపడకుండా చేసే అదే తప్పు మా బ్యాండ్‌లో మేమూ చేశాం. మన ఊళ్లో బ్యాండ్ వయసు ఇంజినీరింగ్ నాలుగేళ్లే. చదువైపోగానే ఒకడు హైదరాబాద్, ఒకడు అమెరికా. మా బేసిస్ట్ ఎం.ఎస్.కి వెళ్లిపోతే గుంటూరు నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. ప్రతి శనివారం బేస్ వీపున వేసుకుని బస్సు దిగేవాడు. ప్రతి పాట తర్వాతా "వాడైతే ఇక్కడ ఇలా వాయించేవాడు" అనేవాళ్లం. రిహార్సల్లో అతని ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) నేనే తగ్గించాను, ఒకసారి కాదు. ఆరు నెలలకు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే "పనుంది అన్నా" అన్నాడు, అంతే.

రెండేళ్ల తర్వాత గుంటూరు వెళ్లి, వాళ్లింటి దగ్గర టీ కొట్లో కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను. మళ్లీ వస్తున్నాడు. పాత పాటల్లో బేస్ వరసలు రెండు మార్చాడు, డ్రమ్స్ కూడా దానికి తగ్గట్టు మార్చుకున్నాం. ఆంప్ దగ్గరికి నేను పోను. వాల్యూమ్ ఎంతుండాలో అతనే తిప్పుకుంటాడు.