మడ్ ట్యాక్స్ వెనక వందేళ్ల కథ

కేటీ, సైప్రస్, ప్రాస్పర్, సెలీనా లాంటి టెక్సాస్ శివారు ఊళ్లలో కొత్త ఇల్లు చూసే తెలుగు కుటుంబాలు ముందు స్కూళ్ల సంగతి అడుగుతాయి. ఆ వెంటనే వచ్చే ప్రశ్న 'మడ్ ట్యాక్స్ ఎంత?' ఆస్తి పన్ను బిల్లులో కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ వరసల పక్కనే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ (ఎంయూడీ, అంటే మడ్) పేరు ఉంటుంది. వంద డాలర్ల విలువకు 80 సెంట్లు అనుకుంటే, 4 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 3,200 డాలర్లు. దీన్ని బిల్డర్ వేసే ఛార్జీ అనో, హెచ్ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఫీజు లాంటిదనో చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని వేసే డిస్ట్రిక్ట్, బోర్డు, ఎన్నికలు, అప్పు తెచ్చే అధికారం అన్నీ ఉన్న ఒక చిన్న ప్రభుత్వం.

ఇలాంటి ప్రభుత్వాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగం దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వాలు అప్పులు చేయడమంటే అప్పటివాళ్లకు భయం, అందుకే గట్టి పరిమితులు పెట్టారు. 1904లో ఒక సవరణతో సాగునీరు, మురుగు పారుదల పనులకు స్థానిక డిస్ట్రిక్టులు అప్పు తెచ్చుకోవచ్చన్నారు. కానీ ఆ అప్పు అక్కడి ఆస్తి విలువలో నాలుగో వంతు దాటకూడదు. తర్వాత 1913లో బ్రాజోస్ నది ఊళ్ల మీద పడింది, 1917లో తీవ్రమైన కరువు వచ్చింది. అదే ఏడాది ఓటర్లు ఆమోదించిన మరో సవరణ, నీటి సంరక్షణ డిస్ట్రిక్టుల అప్పుకు ఉన్న ఆ పరిమితిని ఎత్తేసింది. ఈ కథలో అసలు మలుపు ఇదే. రైతుల పొలాల కోసం తెరిచిన ఈ దారిలోనే తర్వాత రియల్ ఎస్టేట్ నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హ్యూస్టన్ నలువైపులా పాకింది. నగర పరిధికి బయట పైపులు వేసే నాథుడు లేడు. కౌంటీలకు ఆ బాధ్యతా లేదు, తగిన అధికారాలూ లేవు. నగరాలకేమో ముందుగా డబ్బు పెట్టి నష్టపోయే ధైర్యం లేదు. దాంతో డెవలపర్లు పాత నీటి డిస్ట్రిక్టుల చట్టాలను వాడుకోవడం మొదలుపెట్టారు. 1971లో శాసనసభ మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టులకంటూ చట్టం తెచ్చింది. నీళ్లు, మురుగునీరు, వరద కాలువలు వాటి ప్రధాన పని.

ఏర్పాటు ఇలా జరుగుతుంది. భూమి యజమానులు అర్జీ పెడతారు. రాష్ట్ర పర్యావరణ కమిషన్ గానీ శాసనసభ గానీ డిస్ట్రిక్టును సృష్టిస్తుంది. ఐదుగురు తాత్కాలిక డైరెక్టర్లు కూర్చుంటారు. తర్వాత డిస్ట్రిక్టును ఖాయం చేయడానికి, బాండ్లను ఆమోదించడానికి ఎన్నిక. అప్పటికి అక్కడ ఉండేది ఖాళీ పొలమే! ఓటరు అక్కడ నివసించాలి కాబట్టి, పొలంలో ట్రైలర్ పెట్టి ఒకరిద్దరిని కాపురం ఉంచిన సందర్భాలు ఉన్నాయి. ఆ ఒకటి రెండు ఓట్లతో కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం దొరుకుతుంది. డెవలపర్ ముందు తన డబ్బుతో పైపులు వేస్తాడు, ఇళ్లు లేచాక బాండ్లు అమ్మి అతనికి తిరిగి ఇస్తారు. ఆ అప్పు దశాబ్దాల పాటు తీర్చేది తర్వాత వచ్చిన ఇంటివాళ్లు. ఈ పద్ధతి లేకపోతే అన్ని ఇళ్లు అంత త్వరగా లేచేవి కావు, నిజమే. కానీ తీర్చేవాళ్లు రాకముందే అప్పు ఖాయమైపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

నీటి విషయంలోనూ మూల్యం చెల్లించాల్సి వచ్చింది. పరిశ్రమలు, ఊళ్లు కలిసి భూగర్భజలం తోడేయడంతో హ్యూస్టన్ చుట్టూ నేల కుంగింది. బేటౌన్‌లోని బ్రౌన్‌వుడ్ కాలనీ అలా కుంగి కుంగి, 1983లో అలీసియా తుపానుకు పూర్తిగా దెబ్బతింది. కుంగడాన్ని ఆపడానికి 1975లో శాసనసభ మరో ప్రత్యేక డిస్ట్రిక్టును పెట్టింది. బావుల మీద ఆధారపడ్డ యుటిలిటీ డిస్ట్రిక్టులు నదులు, రిజర్వాయర్ల నీటికి మారక తప్పలేదు, ఆ ఖర్చూ నీటి బిల్లులోకే చేరింది.

ఇక నగరంలో కలిసిపోతే మడ్ పోతుందన్న ఆశ. 1996లో హ్యూస్టన్ తన శివారులోని కింగ్‌వుడ్‌ను అక్కడివాళ్లు వద్దంటున్నా కలిపేసుకుంది. ఆ గొడవ శాసనసభ దాకా వెళ్లి 1999లో చట్టం మారింది. 2017, 2019 చట్టాలతో జనం ఒప్పుకోకుండా కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది. అంటే డిస్ట్రిక్టులు ఇక ఎక్కువ కాలం ఉంటాయి.

మనవాళ్లకు ఇందులో ఇంకో చిక్కుంది. హెచ్1బి మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు పన్ను కడతారు గానీ డైరెక్టర్ల ఎన్నికలో ఓటు వేయలేరు. పౌరసత్వం వచ్చినవాళ్లలోనూ ఈ ఎన్నిక ఉందని తెలిసినవాళ్లు తక్కువ. బోర్డు సమావేశాలు చాలాసార్లు లాయర్ ఆఫీసుల్లో, పని వేళల్లో జరుగుతాయి. అయినా అవి బహిరంగ సమావేశాలే. ఎజెండాలోని అంశంపై ఎవరైనా మాట్లాడే అవకాశం ఇవ్వాలని 2019 చట్టం చెబుతోంది, దానికి ఓటు హక్కు అక్కర్లేదు. పన్ను రేటును ఏటా ఖరారు చేసేది ఆ బోర్డే.