మీటింగ్‌లో మాట్లాడని మనిషి

ఎనిమిదేళ్ల కిందట, మాదాపూర్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఒక రోజంతా ట్రైనింగ్ పెట్టారు. ఉదయం పొడుగాటి ప్రశ్నపత్రం నింపాం. భోజనాలయ్యాక ఒక్కొక్కరికీ నాలుగు ఇంగ్లిషు అక్షరాలున్న కార్డు ఇచ్చారు. మనుషులు 16 రకాలని, పక్కవాళ్లది ఏ రకమో తెలిస్తే టీమ్‌లో సగం గొడవలు తగ్గుతాయని చెప్పారు. మా టెస్టింగ్ టీమ్‌లో కడప నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. మాట తక్కువ. ఆమె కార్డు మీద మొదటి అక్షరం 'ఐ', అంటే ఇంట్రోవర్ట్, తనలో తానే ఉండే మనిషి. ఆ వారం నుంచే క్లయింట్ కాల్స్‌కి ఆమెను పిలవడం మానేశాం. తనకు ఇబ్బందిగా ఉంటుంది కదా అని మాకు మేమే అనుకున్నాం. ఆమెను ఒక్కరం కూడా అడగలేదు. టీమ్ లీడ్‌ని నేనే కాబట్టి అడగాల్సింది నేను.

మైయర్స్-బ్రిగ్స్ అని పిలిచే ఆ పరీక్షను తయారుచేసింది అమెరికాకు చెందిన తల్లీకూతుళ్లు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్. ఇద్దరూ సైకాలజీలో శిక్షణ పొందినవాళ్లు కారు. స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనుషుల స్వభావాల గురించి రాసింది పట్టుకుని, దాన్ని అందరికీ పనికొచ్చేలా మార్చాలనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఇల్లు దాటి మొదటిసారి ఫ్యాక్టరీలకు వస్తున్న ఆడవాళ్లలో ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పాలని ఇసబెల్ ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. చిక్కంతా ఒక్కో అక్షరం దగ్గరా మనుషులను రెండుగా చీల్చడంలో ఉంది.

మన ఇళ్లలో కారం తినడాన్నే తీసుకోండి. పచ్చిమిరపకాయ ఉత్తిదే కొరుక్కునేవాళ్లు కొందరు, పెరుగన్నంతో సరిపెట్టుకునేవాళ్లు కొందరు. మిగతా అందరం ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంటాం. మధ్యలో గీత గీసి ఇటువాళ్లది కారం రకం, అటువాళ్లది చప్పిడి రకం అంటే, గీతకు చెరోపక్కా ఆనుకుని ఉన్న ఇద్దరికి పూర్తిగా వేరే పేర్లు పడతాయి. కలుపుగోలుతనం కూడా అంతే, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. అందుకే ఈ పరీక్షను ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తే దాదాపు సగం మందికి ఒక్క అక్షరమైనా మారుతోందని పరిశోధకులు గమనించారు. మనుషులను ఉద్యోగంలోకి తీసుకోవడానికి దీన్ని వాడొద్దని ఆ పరీక్షను అమ్మే సంస్థే చెబుతుంది.

మరి కార్డు చదవగానే "అచ్చం నేనే" అని అందరికీ ఎందుకనిపించింది? దీనికి జవాబు 1949లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో ఉంది. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికి విడిగా స్వభావ వివరణ ఇచ్చాడు. అది మీకు ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు జాతకాల పుస్తకంలోంచి తీసినవి. కొన్నిసార్లు నలుగురితో కలిసిపోతారు, కొన్నిసార్లు మీలో మీరే ఉంటారు లాంటి మాటలు. ఆదివారం పేపర్లో మన రాశి చదువుకుని తలూపేది కూడా ఇలాంటి మాటలకే.

మనుషుల స్వభావాలను కొలవడంలో ఇంతకంటే గట్టి పని మొదలైంది ఒక నిఘంటువుతో. మనుషుల మధ్య ముఖ్యమైన తేడా ఏదైనా ఉంటే, దానికి భాషలో ఎప్పుడో ఒక మాట పుట్టి ఉంటుందన్నది ఆలోచన. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లిషు నిఘంటువు మొత్తం జల్లెడ పట్టి, మనుషులను వర్ణించే మాటలు దాదాపు 18,000 పోగుచేశారు. నాకు ఈ ఆలోచన అంటే చాలా ఇష్టం. మన భాషలో చూడండి: దుడుకు, నిదానం, మొండితనం, ముభావం, కలివిడితనం, చాదస్తం, అణకువ, ముక్కుమీద కోపం, నోట్లో నాలుక లేకపోవడం. శతాబ్దాల పాటు ఇంట్లో, పొలంలో, బజారులో ఒకరినొకరు గమనించిన మనుషులు కూడబెట్టిన మాటలివి. ఆ ఇంగ్లిషు మాటల్లో ఏవేవి కలిసి నడుస్తాయో లెక్కకట్టినవాళ్లకు ఐదు కుటుంబాలు తేలాయి. 1961లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేసిన పరిశోధకులకు ఇవే కనిపించాయి, తర్వాతి దశాబ్దాల్లో మరెందరికో కనిపించాయి. కొత్త విషయాల పట్ల ఆసక్తి, పని బాధ్యతగా చేసే గుణం, కలుపుగోలుతనం, ఎదుటివాళ్లతో సర్దుకుపోయే గుణం, టెన్షన్ పడే స్వభావం. కొన్ని భాషల్లో వెతికితే నిజాయితీ, అణకువ కలిసిన ఆరోది కూడా దొరికింది. ఇవేవీ మనుషుల రకాలు కావు. ఒక్కొక్కటీ ఒక కొలబద్ద. ప్రతి మనిషీ ప్రతి కొలబద్ద మీదా ఎక్కడో ఒకచోట ఉంటారు.

పనికి వీటితో ఉన్న సంబంధం కొంతే. 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, అన్ని రకాల ఉద్యోగాల్లోనూ అక్కరకొచ్చింది బాధ్యతగా చేసే గుణం ఒక్కటే. కలుపుగోలుతనం సేల్స్‌లోను, మేనేజర్ పనిలోను ఉపయోగపడింది. ఇక టీమ్ సంగతికొస్తే, 2007లో సుజాన్ బెల్ అనే పరిశోధకురాలు చేసిన సమీక్షలో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. నిజమైన ఆఫీసు టీమ్‌లలో, అందరికంటే తక్కువ సర్దుకుపోయే ఆ ఒక్క మనిషి ఎలా ఉన్నాడన్నది మొత్తం టీమ్ పనితీరుతో ముడిపడి ఉంది. కుండెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలు అనే మన మాట గుర్తొచ్చింది.

తెలివైనవాళ్లను ఒకచోట చేర్చితే చాలదా? ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీలో మెరెడిత్ బెల్బిన్ అనే పరిశోధకుడు ఇదే చేసి చూశాడు. కంపెనీ నడుపుతున్నట్టు ఆడే మేనేజ్‌మెంట్ ఆటల్లో బాగా తెలివైనవాళ్లందరినీ ఒకే జట్టులో వేసి దానికి అపోలో అని పేరు పెట్టాడు. అలాంటి 25 జట్లలో గెలిచినవి మూడే. ఒకరి ప్లాన్‌లో ఒకరు తప్పులు పట్టుకుంటూ వాదనల్లో పడిపోయేవారు, చెయ్యాల్సిన మామూలు పనులు అలాగే మిగిలిపోయేవి.

2010లో అనిత వూలీ అనే పరిశోధకురాలి బృందం 699 మందిని చిన్న చిన్న గుంపులుగా చేసి రకరకాల సమస్యలు ఇచ్చింది. ఒక పనిలో బాగా చేసిన గుంపు మిగతా పనుల్లోనూ బాగా చేసింది. అయితే అందులో ఉన్నవాళ్ల తెలివితేటల సగటుతోగానీ, అందరికంటే తెలివైనవాళ్ల స్కోరుతోగానీ దీనికి పెద్దగా సంబంధం కనబడలేదు. రెండు విషయాలతో ఎక్కువ సంబంధం ఉన్నట్టు తేలింది. ఎదుటివాళ్ల కళ్లు చూసి మనసులో ఏముందో పసిగట్టగలగడం ఒకటి. మాట ఒకరిద్దరి చేతుల్లోనే ఉండిపోకుండా అందరికీ వంతు రావడం రెండోది. ఆడవాళ్లు ఎక్కువున్న గుంపులు మెరుగ్గా చేశాయి. మొదటి గుణం వాళ్లలో ఎక్కువగా ఉండడమే అందుకు చాలావరకు కారణమని పరిశోధకులు చెప్పారు.

వంతు రావాలంటే భయం పోవాలి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి బృందాల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు లెక్కించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే లెక్క తిరగబడింది, వాళ్ల దగ్గరే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే, ఆ బృందాల్లో నర్సులు తప్పు జరిగిందని పైకి చెప్పగలుగుతున్నారు. మిగతాచోట్ల దాచుకుంటున్నారు.

ఇది చదివిన రోజు నాకు మా పాత సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒకటి గుర్తొచ్చింది. పేమెంట్ పేజీలో తప్పుంది. అది బయటికి వెళ్లిపోయింది, రెండు రాత్రులు నిద్ర లేకుండా సరిచేశాం. తర్వాత తెలిసింది, ఆ తప్పు కడప అమ్మాయికి ముందే కనబడిందని. ఎందుకు చెప్పలేదని అడిగితే, "కాల్‌లో నేను లేను కదన్నా. తర్వాత చెబుదామంటే, అప్పటికే అంతా ఓకే అనేసుకున్నారు" అంది.

ఆమెలో మార్చాల్సిందేమీ లేదు. మా మీటింగ్‌ను మార్చాం. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. అందరూ ఒకే డాక్యుమెంట్‌లో తాము చూసిన సమస్యలు రాయాలి. తర్వాత టీమ్‌లో అందరికంటే కొత్తవాళ్లతో మొదలుపెట్టి వరుసగా మాట్లాడాలి. లీడ్ ఆఖర్న మాట్లాడాలి. నాకు ఆ ఆఖరి నియమమే కష్టమైంది, రెండు మూడు వారాలు నోరు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

మొదటి రోజు పది నిమిషాలు అయ్యాక డాక్యుమెంట్ పైనుంచి కిందికి చదివాను. అందరూ రెండు మూడు లైన్లు రాశారు. ఆమె రాసింది ఒకటిన్నర పేజీ, ఇంకా రాస్తూనే ఉంది.